రాతి మీది ఎండ

"మాస్టారూ, చిత్రకారుడు చేతితో బొమ్మ వేస్తాడు, కనుక అది కళ. ఫోటో తీసేవాడు మీట నొక్కుతాడు, మిగిలిన పని యంత్రం చేస్తుంది. అందులో కళ యెక్కడున్నది?" అని తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు నన్ను నిలదీసినాడు. ప్రశ్న కొత్తది కాదు. కెమేరా పుట్టిన నాటి నుంచీ పెద్దవారే దీనిని గురించి వాదించుకుంటున్నారు. నేను మొదట ఔచిత్యమనీ, దృష్టి అనీ కొన్ని పెద్ద మాటలు చెప్పబోయినాను. కుర్రవాడి ముఖం చూస్తే అవి వాడికి ఎక్కలేదని తెలిసినది. అప్పుడు కాప్టెన్ లినేయస్ ట్రైపు సంగతి చెప్పవలసి వచ్చినది.

ట్రైపు కళాకారుడుగా పేరు పెట్టుకొని మన దేశానికి వచ్చినవాడు కాడు. 1822లో ఇంగ్లండులో జన్మించి, పదిహేడేండ్ల వయస్సులో ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యంలో చేరిన సిపాయి అధికారి. సెలవు మీద స్వదేశానికి వెళ్ళినప్పుడు, అప్పుడప్పుడే వ్యాప్తిలోకి వస్తున్న ఛాయాచిత్ర విద్యను నేర్చుకొని తిరిగి వచ్చినాడు. 1854లో హళేబీడు, బేలూరు ఆలయాలను చిత్రించినాడు. మరుసటి సంవత్సరం బర్మా రాజు కొలువుకు వెళ్ళిన ఆంగ్ల రాయబార బృందం వెంట అమరపురానికి పోయి, వానలలోనూ అనారోగ్యంలోనూ రెండు వందలకు పైగా దృశ్యాలు తీసినాడు. ఈ పనితనాన్ని చూచి, 1856లో మద్రాసు ప్రభుత్వం అతనిని తన ఛాయాగ్రాహకునిగా నియమించినది. ప్రభుత్వానికి కావలసినది కళ కాదు. ప్రాచీన కట్టడాలు, శాసనాలు, జాతులు, వృత్తులు, ఇవన్నీ బొమ్మలతో సహా దఫ్తరంలో చేరవలెనని దాని కోరిక. తాము ఏలుతున్న నేలకు ఒక పట్టిక వ్రాయించుకోవడం వంటిదే అది.

నాటి పని యెటువంటిదో నేటి విద్యార్థి ఊహించుకొనుట కష్టం. గాజుపలక మీద చిత్రం తీసే పద్ధతి అప్పటికే వచ్చినది కాని, దానిలో పలకకు మందు పూసి తడి ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే కడుగవలెను. గుడారమూ, నీళ్ళూ, సీసాలూ వెంట ఉండవలెను. ట్రైపు ఎక్కువగా మైనపు కాగితాన్ని ఆశ్రయించినాడు. పలుచని కాగితానికి మైనం పట్టించి, వెండి లవణాలలో ముంచి, చీకటిలో ఆరబెట్టి ఉంచుకుంటే, ముందుగానే సిద్ధం చేసుకొని ప్రయాణం సాగించవచ్చును. అయితే మన ఎండకు మైనమూ నిలువదు, మందులూ నిలువవు. సీమలో వ్రాసిన పాళ్ళను ఇక్కడి వేడికి తగినట్లు అతను తనంత తానే మార్చుకోవలసి వచ్చినది. 1857 డిసెంబరులో ఎద్దుబండ్ల మీద సామాను వేసుకొని బయలుదేరి, సుమారు నాలుగు నెలలు శ్రీరంగం, తిరుచినాపల్లి, మధుర, పుదుక్కోట, తంజావూరు తిరిగినాడు. ఉత్తరాదిని తిరుగుబాటు ఇంకా చల్లారని రోజులవి.

నేను పిల్లలకు ముందుగా చూపించినది మధుర పుదుమండపపు చిత్రం. ఈ మండపాన్ని పదిహేడవ శతాబ్దంలో కట్టించిన తిరుమల నాయకుడు తెలుగు వంశంవాడే గనుక, ఆ పేరు చెప్పగానే తరగతిలో కొంచెం ఉత్సాహం పుట్టినది. చిత్రంలో ఉన్నది ఒక నడవ. అటూ ఇటూ శిల్పాలు నిండిన స్తంభాలు, మన కన్ను పోయినకొలదీ చిన్నవై దూరాన కలిసిపోతాయి. ప్రక్కనుంచి వచ్చిన వెలుగు స్తంభాల నడుమ దూరి నేల మీద పడినది. వెలుగు తగిలిన అంచున రాతి నునుపు తెలుస్తుంది. తగలని చోట శిల్పం చీకటిలో సగం దాగి ఉంటుంది. ఆ కాలపు కాగితానికి అటువంటి మసక చోట బొమ్మ పడవలెనంటే చాలాసేపు కెమేరాను కదలకుండా తెరచి ఉంచవలెను. ఆ వ్యవధిలో నడిచిపోయిన మనిషి చిత్రంలో పడనే పడడు. దర్జీలతోనూ పుస్తకాల దుకాణాలతోనూ దశాబ్దాల తరబడి కిటకిటలాడిన ఆ మండపాన్ని ఎరిగినవారికి ఈ నిశ్శబ్దం వింతగా తోచును. ఒక్క అడుగు ప్రక్కకు జరిగి నిలబడి ఉంటే స్తంభాల వరుస విరిగిపోయేది. ఒక గంట ముందు వచ్చి ఉంటే వెలుగు వేరొక చోట పడేది. నిలబడవలసిన చోటునూ, రావలసిన వేళనూ ఎంచుకొన్నది యంత్రం కాదు గదా అని నేనన్నాను. కుర్రవాడు వెంటనే ఒప్పుకోలేదు.

ఆ మాట నిజమే కాని, మనుష్యులు లేకపోవడం నాకొక లోటుగానే తోస్తుంది. దీపం పెట్టే అర్చకుడూ, పూలమ్మే ముసలమ్మా లేని గుడి మన గుడి వలె ఉండదు. ఇందులో కొంత మైనపు కాగితపు మందకొడితనం, కొంత చిత్రకారుని ఇష్టం. అతని కన్ను కట్టడం మీద ఉన్నది, జనం మీద లేదు.

తంజావూరులో చేసిన పని వేరొక రకమైనది. బృహదీశ్వరాలయపు అధిష్ఠానం చుట్టూ చెక్కిన శాసనాన్ని భాగాలు భాగాలుగా తీసి, 21 చిత్రాలను ఒకదాని ప్రక్క నొకటి అతికి, 19 అడుగులకు మించిన ఒక చుట్టగా తయారు చేసినాడు. ప్రతి చిత్రంలో అక్షరాల పరిమాణం ఒక్కటే కావలెను. వెలుగు ఒక్కటే కావలెను. అతుకు దగ్గర వరుస తప్పరాదు. ఇది అచ్చంగా లేఖకుని పనే. అయినా ఆ చుట్టను విప్పి చూచినవారికి రాతి గోడ ప్రక్కన తామే నడుస్తున్నట్లుంటుంది.

మా విద్యార్థి అసలు పట్టు దొరికినది మబ్బుల దగ్గర. ఆ కాలపు వెండి లవణాలు నీలిరంగుకు అమితంగా స్పందించేవి, ఆకుపచ్చకు చాలా తక్కువగా స్పందించేవి. అందువల్ల ఆకాశం తెల్లగా, వట్టిగా మిగిలిపోయేది. చెట్లు నల్లని ముద్దలుగా పడేవి. ప్రకృతిని ఉన్నదున్నట్లు పట్టిస్తుందనుకొన్న యంత్రం, ప్రకృతిలోని రెండు ముఖ్యమైన రంగుల దగ్గరే తప్పటడుగు వేసినదన్నమాట. ట్రైపు ఏమి చేసినాడనగా, నెగెటివు మీద సన్నని కుంచెతో రంగు పూసి ఆకాశంలో మబ్బులు కల్పించినాడు, చెట్ల గుబుళ్ళలో ఆకుల మీద మెరుపు తెప్పించినాడు. బర్మా దృశ్యాలలో ఈ పనితనం బాగా కనిపిస్తుంది.

"అయితే అది అబద్ధం కదా, మాస్టారూ?" అన్నాడు కుర్రవాడు.

ఒక్కమాటలో జవాబు చెప్పలేకపోయినాను. ఆనాటి ఆకాశంలో ఆ మబ్బులే ఉన్నవని ఎవరూ అనలేరు. కాని ఏ మబ్బూ, ఏ నీలిమా లేని వట్టి తెల్లని ఆకాశం కూడ ఆనాడు లేదు. యంత్రం వదలిన ఖాళీని మనిషి తన కంటి జ్ఞాపకంతో నింపినాడు. శాసనాక్షరాలలో మాత్రం కుంచె పెట్టి ఉంటే నేను క్షమించి ఉండను. అక్షరం దగ్గర కల్పన దొంగతనమవుతుంది, మబ్బు దగ్గర కాదు. నా మనస్సుకు తోచిన హద్దు ఇది. వేరొకరు వేరొక చోట గీయవచ్చును.

ఇక మనకు అతి సన్నిహితమైన సంపుటం సంగతి. ట్రైపు ప్రకటించిన సంపుటాలలో కృష్ణాతీరపు దృశ్యాలు లేవు. కాని కృష్ణాతీరమే అప్పటికి మద్రాసు చేరి ఉన్నది. అమరావతి స్తూపపు దిబ్బను పద్దెనిమిదవ శతాబ్దాంతంలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని కాలంలో ఊరి నిర్మాణం కోసం త్రవ్వినప్పుడు శిల్పాలు బయటపడినవి. 1797లో కాలిన్ మెకంజీ చూచినాడు, 1816లో మరల వచ్చి తన చిత్రకారులచేత వానిని గీయించినాడు. 1845లో వాల్టర్ ఎలియట్ మరికొంత త్రవ్వించి పలకలను మద్రాసుకు తరలించినాడు. అవి అక్కడ ఏండ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నవి. పాలరాళ్ళని పేరు పడినవి కాని, నిజానికవి పలనాటి సున్నపురాళ్ళు. వాన వానిని మెల్లగా తినివేస్తుంది. 1858లో ట్రైపు మద్రాసు మ్యూజియంలో వీనిని చిత్రించినాడు. మరుసటి సంవత్సరం ఆ పలకలలో నూటికి పైగా ఓడ యెక్కి లండను వెళ్ళినవి. నేడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి.

మెకంజీ చిత్రకారుల గీతలు ఎంతో శ్రద్ధగలవి. అయినా గీసేవాడు విరిగిన ముక్కును కూడ ఒక నిశ్చితమైన గీతగా మార్చక తప్పదు. ట్రైపు చిత్రంలో విరుగు విరుగుగానే ఉంటుంది. బీట బీటగానే ఉంటుంది. ఉలి లోతు ఎంతో నీడ చెప్పుతుంది. ఎదురు వెలుగులో ఉబ్బెత్తు శిల్పం చదునుగా కనిపిస్తుంది, ప్రక్క వెలుగులో లేచి నిలుస్తుంది. ఈ సంగతి పిల్లలకు మాటలతో చెప్పనక్కరలేదు. సాయంకాలం బడి ప్రహరీ గోడ ప్రక్కన నిలబెట్టి, పొద్దు వాలేకొద్దీ గోడ గరుకు ఎట్లు బయటపడుతున్నదో చూపించినాను. ఆ కుర్రవాడు గోడ మీద చెయ్యి పెట్టి తడిమి చూచినాడు.

1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఖర్చులు లెక్కచూచి, ఈ ఛాయాచిత్రాల పని ప్రభుత్వం భరింపరాని విలాసమని నిశ్చయించినాడు. తిరుగుబాటు తరువాత బొక్కసం వట్టిపోయిన మాట నిజమే. 1860 నాటికి ట్రైపు కార్యాలయం మూతపడినది. (పన్నుల విషయంలో పైవారితో బాహాటంగా తగవు పడి ట్రెవెల్యన్ కూడ ఆ 1860లోనే పదవి పోగొట్టుకున్నాడు.) ట్రైపు సైన్యంలో పై పదవులకు ఎక్కి, 1902లో మరణించినాడు. ఆ నాలుగేండ్ల పని వంటిది మళ్ళీ అతని చేతినుంచి రాలేదు.

అమరావతి సంపుటం పుటలు ఇప్పుడు గోధుమవన్నెకు తిరిగినవి. లండనులోని పలకల మీద ఇప్పుడు పడేది గదిలోని దీపాల వెలుగు. చిత్రాలలో ఆ పలకల అంచులను పట్టుకొని ఉన్న నీడ మాత్రం 1858 నాటి మద్రాసు ఎండదే.