కొండ చాటు రేవు

చంద్రపూర్, బల్లార్షాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ కొత్తేమీ కాదు. సెలవులకు సముద్రం చూడాలనిపిస్తే బల్లార్షాలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు, నేరుగా విశాఖపట్నంలో దిగొచ్చు. అలా దిగినవాళ్లలో చాలామంది రామకృష్ణా బీచ్‌లో కాళ్లు తడుపుకుని, దక్షిణాన నీళ్లలోకి చొచ్చుకొచ్చిన కొండ కనిపించేలా సెల్ఫీ దిగి, కైలాసగిరి దారి పడతారు. ఆ కొండే డాల్ఫిన్ నోస్. దాన్ని ఫొటోలోనే వదిలేసి రావడం అన్యాయం.

తూర్పు కనుమల కొండొకటి ఇక్కడ ఏకంగా సముద్రంలోకి దిగింది. మధ్యధరా ఒడ్డున, స్పెయిన్‌లోని కాప్ డె క్రెయుస్ దగ్గర పిరనీస్ పర్వతాలూ ఇలాగే నీళ్లలో ముగుస్తాయి. గాలి, అలలు చెక్కిన అక్కడి రాళ్లు సాల్వడార్ డాలీ బొమ్మల్లోకి ఎక్కాయి. 1998లో ఆ ప్రాంతాన్ని ప్రకృతి ఉద్యానంగా ప్రకటించారు.

విశాఖ కొండకు ఆ తీరిక దొరకలేదు. దానికి కాపలా పని పడింది.

ఈ కొండ అడ్డుండబట్టే దాని చాటున ఓడలకు నిమ్మళమైన నీళ్లు దొరికాయి. 1933లో రేవు మొదలైంది. దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక రేవు ముఖాన్ని పూడ్చకుండా ఇంజినీర్లు జానస్, వెలెడ్సన్ అనే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి అక్కడే ముంచేశారు. ఇసుకతో తగువు మాత్రం నేటికీ తెగలేదు. ఉత్తరానికి సాగాల్సిన ఇసుక రేవు దగ్గరే ఆగిపోతే రామకృష్ణా బీచ్ కోతకు గురవుతుంది. అందుకే డ్రెడ్జర్లతో తోడిన ఇసుకను తెచ్చి ఆ ఒడ్డున పోస్తుంటారు.

1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి యుద్ధనౌకలు ఈ తీరంలోనే బ్రిటిష్ నౌక సెంచూరియన్‌తో తలపడ్డాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు నగరంపై బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ రేవు బయటే మునిగింది. ఇప్పటికీ కొండ మీద నేవీ ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

పైనున్న లైట్‌హౌస్ 1957 నాటిది. సందర్శకులను ఎప్పుడు పడితే అప్పుడు రానివ్వరు. వేళలు ముందే కనుక్కుని, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. సింధియా మీదుగా వెళ్లే రోడ్డు కొండెక్కి అవతల యారాడకు దిగుతుంది. అక్కడి బీచ్‌కు మూడు పక్కలా కొండలే, నాలుగో పక్క బంగాళాఖాతం. ఎంత అందంగా ఉన్నా స్నానానికి మాత్రం దిగొద్దు. అలల లాగుడు ఎక్కువ, ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇసుక మీదే కూర్చుని చూసి, చీకటి పడకముందే ఘాట్ రోడ్డు దిగడం మంచిది.