గర్భస్థ శిశువు రక్తప్రసరణ: తొలి శ్వాసతో వచ్చే మార్పు

వ్యాససంగ్రహం:
గర్భస్థ శిశువుకు ఊపిరితిత్తులు ఉన్నప్పటికీ వాటి ద్వారా ప్రాణవాయువు అందదు. ఆ పనిని మాయ నిర్వహిస్తుంది. అందుకు అనుగుణంగా శిశువు రక్తం మూడు మళ్లింపు మార్గాలలో ప్రవహిస్తుంది. జననానంతరం ఇవి మూసుకుపోవాలి. గర్భంలో ప్రాణం నిలిపిన మార్గమే పుట్టిన తరువాత వ్యాధికి కారణం కావడాన్నీ, కొందరు శిశువులకు అదే ప్రాణాధారంగా మిగలడాన్నీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మాయ, బొడ్డుతాడు, అండాకార రంధ్రం, ధమనీనాళం, తొలి శ్వాస.

1. ఉపోద్ఘాతం:
పెద్దల గుండెలో కుడి, ఎడమ భాగాలు ఒకదాని తరువాత ఒకటిగా పనిచేస్తాయి. కుడిభాగం రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ప్రాణవాయువును గ్రహించి వచ్చిన రక్తాన్ని ఎడమభాగం దేహమంతటికీ పంపుతుంది. గర్భస్థ శిశువులో ఈ వరుస ఉండదు. ఊపిరితిత్తులు ద్రవంతో నిండి, వాటి రక్తనాళాలు ముడుచుకొని ఉంటాయి. అందువల్ల గుండె రెండు భాగాలూ ఏకకాలంలో దేహానికీ మాయకూ రక్తాన్ని అందిస్తాయి. ఈ మార్గాల ఉనికి క్రీ.శ. 2వ శతాబ్దినాటి గాలెన్‌కే తెలుసు. అవి రక్తాన్ని ఊపిరితిత్తుల నుండి తప్పించి పంపడానికే ఉన్నాయని విలియం హార్వే 1628లో ప్రకటించిన తన గ్రంథంలో వివరించాడు.

2. మాయ - బొడ్డుతాడు:
తల్లి రక్తమే శిశువు దేహంలో ప్రవహిస్తుందనే అభిప్రాయం సరైనది కాదు. మాయలో ఇద్దరి రక్తాల మధ్య పలుచని పొర ఉంటుంది. ప్రాణవాయువు, పోషకాలు ఆ పొరను దాటి శిశువును చేరతాయి. బొగ్గుపులుసు వాయువు, ఇతర వ్యర్థాలు తల్లివైపు వస్తాయి. బొడ్డుతాడులో సాధారణంగా ఒక సిర, రెండు ధమనులు ఉంటాయి. ఇక్కడ మంచి రక్తాన్ని తెచ్చేది సిర. చెడు రక్తాన్ని మాయకు చేర్చేవి ధమనులు. గుండెకు రక్తాన్ని తెచ్చేది సిర, గుండె నుండి తీసుకుపోయేది ధమని అనే నిర్వచనం ఇక్కడ స్పష్టమవుతుంది.

బొడ్డుసిరలోని రక్తంలో కూడా ప్రాణవాయు సంతృప్తత సుమారు 80 శాతమే. శిశువు ఎదుగుదలకు అది చాలడానికి కారణం గర్భస్థ హీమోగ్లోబిన్. ఇది పెద్దల హీమోగ్లోబిన్ కన్నా గట్టిగా ప్రాణవాయువును పట్టుకుంటుంది.

3. మూడు మళ్లింపు మార్గాలు:
మొదటిది సిరానాళం. బొడ్డుసిర తెచ్చిన రక్తంలో కొంత భాగం కాలేయాన్ని తప్పించుకొని దీని ద్వారా నేరుగా అధోమహాసిరను చేరుతుంది.

రెండవది కర్ణికల నడిమి గోడలోని అండాకార రంధ్రం. అధోమహాసిర గుండా వచ్చే మంచి రక్తంలో అధికభాగం ఈ రంధ్రం ద్వారా ఎడమ కర్ణికకు, అక్కడి నుండి ఎడమ జఠరికకు, మహాధమనికి వెళుతుంది. ఆ రక్తం ముందుగా అందేది గుండెకూ మెదడుకూ.

మూడవది ధమనీనాళం. ఇది పుపుసధమనిని మహాధమనితో కలుపుతుంది. తల, చేతుల నుండి తిరిగివచ్చిన రక్తం కుడి జఠరిక నుండి పుపుసధమనిలోకి వెళ్లినా, అందులో ఎక్కువ భాగం ఊపిరితిత్తులను చేరకుండా ఈ నాళం గుండా మహాధమనిలో కలుస్తుంది. మెదడుకు వెళ్లే శాఖలు విడివడిన తరువాతే ఈ కలయిక జరుగుతుంది. అందువల్ల ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువులో మేలైన వాటా మెదడుకు దక్కుతుంది.

4. తొలి శ్వాస - మార్పుల క్రమం:
శిశువు తొలిసారి గాలి పీల్చగానే ఊపిరితిత్తుల నాళాలు విచ్చుకొని, వాటిలోకి రక్తం అనేక రెట్లు అధికంగా ప్రవహిస్తుంది. ఆ రక్తం ఎడమ కర్ణికకు చేరి అక్కడి పీడనాన్ని పెంచుతుంది. దాంతో అండాకార రంధ్రానికి ఉన్న రెప్ప గోడకు అదుముకుంటుంది. పెరిగిన ప్రాణవాయువు వల్ల, మాయ నుండి అందే ప్రోస్టాగ్లాండిన్లు తగ్గడం వల్ల ధమనీనాళపు కండరం బిగుసుకుంటుంది. నెలలు నిండిన శిశువులలో ఇది సాధారణంగా 2, 3 రోజులలో మూసుకొని, కొన్ని వారాలలో తంతువుగా మారుతుంది. అండాకార రంధ్రం మాత్రం దాదాపు నలుగురు పెద్దలలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు. అయినా వారిలో అత్యధికులకు ఇబ్బంది ఉండదు.

ఈ మార్పుల క్రమం ముఖ్యమైనది. శ్వాస మొదలుకాకముందే బొడ్డుతాడును బిగిస్తే, మాయ నుండి ఎడమ కర్ణికకు వచ్చే రక్తం ఆగిపోతుంది; ఊపిరితిత్తుల నుండి రావలసినది ఇంకా మొదలై ఉండదు. గుండెకు చేరే రక్తం తగ్గుతుంది. తక్షణ శ్వాససహాయం అవసరంలేని శిశువులకు కనీసం 1 నిమిషం ఆగి బొడ్డుతాడు బిగించాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచిస్తోంది. ఆ వ్యవధిలో మాయలోని రక్తం కొంత శిశువుకు చేరి, ఇనుము నిల్వలు కూడా పెరుగుతాయి.

5. మార్పు తప్పినప్పుడు:
ధమనీనాళం మూసుకోకపోతే రక్తం మహాధమని నుండి ఊపిరితిత్తులలోకి ఎదురుమళ్లి, గుండెకు భారమవుతుంది. నెలలు నిండని శిశువులలో ఇది అధికం. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఏడేళ్ల బాలికకు ఈ నాళాన్ని ముడివేసి శస్త్రచికిత్సను విజయవంతం చేశాడు.

ఇందుకు విరుద్ధమైన స్థితి కూడా ఉంది. పుట్టుకతోనే పుపుసధమని ద్వారం మూసుకొని ఉన్న శిశువు ఊపిరితిత్తులకు రక్తం చేరడానికి ధమనీనాళమే ప్రధాన దారి కావచ్చు. అటువంటి శిశువు తొలిరోజు బాగానే కనిపించి, నాళం మూసుకుంటున్నకొద్దీ నీలిరంగుకు మారవచ్చు. శస్త్రచికిత్స జరిగేవరకు ప్రోస్టాగ్లాండిన్ మందుతో నాళాన్ని తెరిచి ఉంచుతారు. నవజాత శిశువు కుడిచేతిలో, పాదంలో ప్రాణవాయు సంతృప్తతను కొలిచి పోల్చడానికి ఆధారం కూడా ఈ నాళమే: కుడిచేతికి రక్తం నాళం కలిసే చోటుకు ముందే విడిపోతుంది, పాదానికి ఆ తరువాత చేరుతుంది.

ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని తగ్గించే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు చివరి నెలలలో వాడితే నాళం గర్భంలోనే ముడుచుకుపోవచ్చు. గర్భిణులు వైద్యుల సలహా లేకుండా వీటిని వాడకూడదు.

6. ముగింపు:
మళ్లింపు మార్గాలు లోపాలు కావు; గాలి అందని చోట బతకడానికి దేహం చేసుకున్న ఏర్పాట్లు. వాటి మేలుకీడులను నిర్ణయించేది అవి తెరిచి ఉండే కాలం, మూసుకునే క్రమం. కాన్పు గదిలో ఒక నిమిషం నిరీక్షణకు, బొడ్డూడని పసికందు పాదానికి చేసే చిన్న పరీక్షకు ఉన్న ప్రాధాన్యం ఈ అవగాహన నుండే కలుగుతుంది.