కలం పొరుగువారిది, చదువు మనది

విశాఖ ద్వారకానగర్‌లో నేడు ఎటు చూసినా ఫ్లెక్సీ బోర్డులే. వాటిని చూసినప్పుడల్లా, కుంచె పట్టి ఉర్దూ నేర్చిన హైదరాబాదు చిత్రకారుడు అనిల్ కుమార్ చౌహాన్ మాకు గుర్తుకొస్తారు.

ఆయన హిందువు. సైన్‌బోర్డులు రాయడం వృత్తి. దుకాణదారులు ఉర్దూ బోర్డులు అడిగితే, మొదట్లో అర్థం తెలియకపోయినా చూసి దించేవారు. రాయగా రాయగా అక్షరాలు పట్టుబడ్డాయి, చదవడం వచ్చింది. తరువాత మసీదు గోడలపై ఖుర్ఆన్ ఆయతులు రాయసాగారు. ముస్లిమేతరుడు రాయడమేమిటని కొందరు అభ్యంతరపెట్టారు. ఆయన వాదనకు దిగలేదు. జామియా నిజామియాకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. ఆయన రాసిన సూరా యాసీన్ అదే విద్యాలయంలో స్థానం పొందింది. వందకు పైగా మసీదుల్లో ఆయన చేతిరాత ఉంది. చాలాచోట్ల ప్రతిఫలం పుచ్చుకోలేదు. ఆలయాల్లో దేవతల బొమ్మలూ వేశారు.

హిజ్రీ 2లో బద్ర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు పదేసి మంది చొప్పున రాయడం నేర్పితే చాలు, అదే విడుదలకు పరిహారమని దైవప్రవక్త (స) నిర్ణయించారు. విద్య ఎవరి దగ్గరున్నా స్వీకరించాలని కదా దీని అర్థం!

ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, మసీదు గోడ మీది అక్షరాన్ని గుర్తుపట్టలేని పిల్లలను మేము రోజూ చూస్తున్నాం. పొరుగువారు శ్రమపడి రాసి ఇచ్చారు. చదవడం కూడా వారే నేర్పాలా? ఈ జుమా నాడైనా మన పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని అలిఫ్, బే దిద్దిద్దాం.