పొలంలో దిగే బెలూన్

ఎగిరే యంత్రాల కథ పిల్లలకు చెప్పాలంటే మనం నేరుగా 1903కి, రైట్ సోదరుల దగ్గరికి వెళ్లిపోతాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలకైతే ఇంకో 120 ఏళ్లు వెనక్కి వెళ్లి బెలూన్‌తో మొదలుపెట్టాలి. విమానం వాళ్ల ఊళ్ల మీదుగా పోతుందే గానీ దిగదు. బెలూన్ దిగొచ్చు.

ఫ్రాన్స్‌లో మాంట్‌గాల్ఫియర్ సోదరులది కాగితం తయారుచేసే కుటుంబం. పొగలోనే ఏదో మహిమ ఉందనుకుని సంచి కింద మంట పెట్టారు. మిర్యాలగూడ రైస్‌మిల్లు గొట్టంలోంచి పొగ పైకి పోయేదీ, వాళ్ల సంచి లేచిందీ ఒకే కారణంతో: వేడెక్కిన గాలి తేలిక. కారణం తప్పుగా అనుకున్నా బెలూన్ మాత్రం ఎగిరింది! 1783 సెప్టెంబర్ 19న గొర్రెను, బాతును, కోడిపుంజును ఎక్కించారు. ఎగరగలిగే బాతును ఎందుకు ఎక్కించారో పిల్లలనే అడగండి. ఎత్తుకు అలవాటుపడిన ప్రాణికి, అలవాటులేని ప్రాణికి తేడా చూడాలని.

అంతకు మూడు వారాల ముందే, ఆగస్టు 27న, జాక్ చార్లెస్ అనే శాస్త్రవేత్త పారిస్‌లో హైడ్రోజన్ బెలూన్ వదిలాడు. అది గోనెస్ అనే పల్లెలో పడితే రైతులు భూతమనుకుని పంగలకర్రలతో పొడిచి చింపేశారు. భయపడొద్దని ప్రభుత్వం ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

అలాంటి ప్రకటనే ఇప్పటికీ మన పత్రికల్లో వస్తుంటుంది. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం ఉంది. అక్కడ ఎగరేసే పల్చటి పాలిథీన్ బెలూన్లు 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. లోపల హైడ్రోజనే. వదిలేటప్పుడు బెలూన్ ముడతలు పడి, సగం కూడా నిండనట్టు వేలాడుతుంది. 30 కిలోమీటర్ల పైన గాలి పీడనం నేలమీది దాంట్లో సుమారు వందో వంతే కాబట్టి అక్కడ లోపలి వాయువు విపరీతంగా ఉబ్బుతుంది. కిందే నిండా నింపితే ఉబ్బడానికి చోటేదీ? పని ముగిశాక పరికరాలు రంగుల పారాచూట్‌తో దిగుతాయి. దిగే అవకాశమున్న జిల్లాల జాబితాలో నల్గొండ, సూర్యాపేట కూడా ఉంటాయి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పెద్ద గుండ్రటి పెట్టె ఒకటి దిగితే ఊరంతా చూడడానికి కదిలింది. మన వాళ్లు పంగలకర్రలు తేలేదు, ఫోన్లు తెచ్చారు.

మీ చేలో దిగితే చూడండి, పిల్లలకూ దూరం నుంచి చూపించండి. ముట్టుకోవద్దు, కొన్ని పరికరాల్లో ఎక్కువ వోల్టేజీ ఉండొచ్చు, విప్పితే సమాచారం పోతుంది. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు చెప్పండి. కబురు చెప్పినవాళ్లకు బహుమతి కూడా ఇస్తారు.