వాయిదాకీ వాయిదాకీ మధ్య...

కోర్టంటే వాదనలు, సాక్ష్యాలు, శిక్షలు. అమెరికాలోని కొన్ని కోర్టుల్లో మాత్రం జడ్జిగారు 'మందులు పడుతున్నాయా? రాత్రుళ్లు నిద్ర పడుతోందా?' అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్నకు మంచి జవాబు రావాలంటే తెరవెనుక ఒకరు రోజంతా ఫోన్లు చేస్తూ, తలుపులు తడుతూ తిరగాలి. మానసిక ఆరోగ్య కోర్టులను నడిపించే కోఆర్డినేటర్ల పని అదే!

కోర్టు హాల్లో చప్పట్లు కొడితే ఊరుకుంటారా? మామూలుగా అయితే బంట్రోతు కళ్లెర్రజేస్తాడు. న్యూయార్క్‌ నగరంలోని బ్రూక్లిన్‌ మానసిక ఆరోగ్య కోర్టులో మాత్రం చప్పట్లు మామూలే. ఎవరో పెద్ద కేసు గెలిచారని కాదు. ఓ నిందితుడు కొన్ని నెలలపాటు క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాడని, మాత్రలు చెప్పినట్టు వేసుకున్నాడని! చికిత్సలో ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా అతని చేతికి ఓ సర్టిఫికెట్‌ కూడా అందుతుంది.

2002లో ఈ కోర్టు మొదలైనప్పుడు బెంచి మీద కూర్చున్నది జడ్జి మాథ్యూ డెమిక్‌. ఇక్కడికి వచ్చేవాళ్లు స్కిజోఫ్రెనియా, బైపోలార్‌ డిజార్డర్‌, తీవ్రమైన డిప్రెషన్‌ లాంటి జబ్బులతో బాధపడుతూ ఏదో ఒక నేరం కింద అరెస్టయినవాళ్లు. ప్రాసిక్యూటర్‌ ఒప్పుకోవాలి, నిందితుడూ ఒప్పుకోవాలి. ఎవరినీ బలవంతంగా చేర్చుకోరు. చేరేవాళ్లు ముందుగా నేరం అంగీకరించాలి. ఆ రోజే రెండు లెక్కలూ తేల్చి చెబుతారు. చికిత్స పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు లేదా తగ్గిస్తారు. మధ్యలో వదిలేస్తే ఫలానా శిక్ష. నేరం తీవ్రతను బట్టి చికిత్స ఏడాది నుంచి రెండేళ్ల దాకా సాగుతుంది.

చదవడానికి తేలిగ్గానే ఉంది. కానీ ఆ ఏడాదో రెండేళ్లో... అతను ఎక్కడ పడుకోవాలి? మందులకు డబ్బులెవరిస్తారు? వాయిదా తేదీ ఎవరు గుర్తుచేస్తారు? జడ్జి కలం వీటిలో ఏ ఒక్కటీ చేయలేదు. అందుకే ఇలాంటి ప్రతి కోర్టుకూ ఓ కోఆర్డినేటర్‌ కావాలి. కొన్నిచోట్ల ప్రాజెక్టు డైరెక్టర్‌ అంటారు, ఇంకొన్నిచోట్ల ఆ పనిని ఇద్దరు ముగ్గురు సోషల్‌ వర్కర్లు పంచుకుంటారు. పేరేదైనా బాధ్యత ఒకటే. వాయిదాకీ వాయిదాకీ మధ్య మనిషి జారిపోకుండా చూడటం.

ఆసుపత్రుల నుంచి జైళ్లకు...

అసలు మానసిక రోగులు కోర్టుల దాకా ఎందుకొస్తున్నారు? దీనికి సమాధానం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1955లో అమెరికాలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో సుమారు 5 లక్షల 58 వేల మంది ఉండేవారు. చాలామందికి అవి ఆసుపత్రులు కావు, గోడల మధ్య జీవితఖైదు. కొత్త మందులు వచ్చాయి, హక్కుల ఉద్యమాలూ వచ్చాయి. ఊళ్లోనే చికిత్స అందించాలంటూ 1963లో అధ్యక్షుడు కెనడీ హయాంలో చట్టం చేశారు. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి. 1994 నాటికి రోగుల సంఖ్య 72 వేలకు పడిపోయింది.

కానీ ఊళ్లో తెరుస్తామన్న కేంద్రాలు చాలినన్ని రాలేదు. ఇల్లూ వైద్యమూ లేక రోడ్డున పడ్డవాళ్లు చిన్నాచితకా గొడవల్లో పోలీసుల చేతికి చిక్కడం మొదలైంది. జైలు, విడుదల, వీధి, మళ్లీ జైలు. గుండ్రంగా తిరిగే తలుపు!

ఈ తలుపును ఆపాలని మొదట ప్రయత్నించింది ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవార్డ్‌ కౌంటీ. 1997లో అక్కడ జడ్జి జింజర్‌ లెర్నర్‌ రెన్‌ ఆధ్వర్యంలో దేశంలోనే తొలి మానసిక ఆరోగ్య కోర్టు మొదలైంది. కొత్త భవనమేమీ కట్టలేదు. తన మిగతా కేసులు చూసుకుంటూనే మధ్యాహ్న భోజన విరామంలో ఈ కేసులు వినేవారావిడ. 2000లో ఇలాంటి కోర్టులకు కేంద్ర నిధులిచ్చేందుకు వీలుగా అమెరికా చట్టం చేసింది. తర్వాత దేశమంతటా ఇవి నాలుగు వందలు దాటాయి.

చేతిలో డాలరున్నర

జైలు నుంచి విడుదలంటే ఎవరికైనా సంతోషమే. మానసిక రోగికి మాత్రం ప్రమాదం అక్కడే మొదలవుతుంది. దీనికి పెద్ద సాక్ష్యం 1999లో న్యూయార్క్‌ నగరంపై పడిన ఓ కేసు. 'బ్రాడ్‌ హెచ్‌' అన్న మారుపేరుతో ఓ వ్యక్తి, మరికొందరితో కలిసి కోర్టుకెక్కాడు. రైకర్స్‌ ద్వీపం జైళ్ల నుంచి మానసిక రోగులను ఎలా విడుదల చేస్తున్నారో అప్పుడు లోకానికి తెలిసింది. తెల్లవారుజామున రెండింటికీ ఆరింటికీ మధ్య బస్సులో తీసుకొచ్చి క్వీన్స్‌ ప్లాజా దగ్గర దింపేసేవారు. చేతిలో డాలరున్నర డబ్బు, రెండుసార్లు రైలెక్కడానికి సరిపడే కార్డు. అంతే! మందుల్లేవు, చీటీ లేదు, ఏ డాక్టరును కలవాలో చెప్పే దిక్కు లేదు.

2003లో నగరపాలక సంస్థ రాజీకొచ్చింది. విడుదలయ్యేవారికి కొన్ని రోజుల మందులు, చీటీ, డాక్టరు అపాయింట్‌మెంటు, ప్రభుత్వ సాయానికి దరఖాస్తు చేయడంలో తోడ్పాటు ఇవ్వాలని ఒప్పందం కుదిరింది. మానసిక ఆరోగ్య కోర్టు కోఆర్డినేటర్‌ రోజూ చేసే పని సరిగ్గా ఇదే. జైలు గేటు నుంచి చికిత్స కేంద్రం గడప దాకా ఉన్న ఆ కొద్ది దూరంలో ఎవరూ తప్పిపోకూడదు.

ఓ మంచం కోసం...

ఉదాహరణకు, స్కిజోఫ్రెనియా ఉన్న ఓ ముప్పై ఏళ్ల యువకుడు అరెస్టయ్యాడనుకుందాం. అతని లాయరు ఈ కోర్టుకు పంపమని అడుగుతారు. మానసిక వైద్యుడు, సోషల్‌ వర్కరు వెళ్లి మాట్లాడతారు. జబ్బేమిటి, మత్తు అలవాటుందా, బయటికొస్తే ఇతరులకు ప్రమాదమా అన్నవి తేలుస్తారు. కేసు సంగతే అర్థంకాని స్థితిలో ఉంటే సంతకం పెట్టించడానికి వీల్లేదు. ముందు ఆ స్థితి నుంచి తేరుకునేలా వైద్యం చేయించాలి.

ఆ తర్వాత అసలు వేట మొదలవుతుంది, మంచం కోసం! అంటే చికిత్సతోపాటు ఉండటానికి చోటిచ్చే కేంద్రంలో ఓ ఖాళీ కోసం. మత్తు అలవాటున్నవాళ్లను కొన్నిచోట్ల తీసుకోరు. నిప్పు పెట్టిన కేసుంటే చాలా కేంద్రాలు తలుపు తెరవవు. కుటుంబం తీసుకెళ్తానంటే మంచిదే. కానీ గొడవ జరిగింది ఇంట్లోనే అయితే?

డబ్బు సంగతీ చిక్కే. పేదలకు వైద్యఖర్చులు భరించే 'మెడికెయిడ్‌' పథకం జైల్లో ఉన్నన్నాళ్లూ దాదాపు పనిచేయదు. వైకల్యం ఉన్న పేదలకు నెలనెలా అందే భత్యం పూర్తి క్యాలెండర్‌ నెల జైల్లో ఉంటే ఆగిపోతుంది. అలా పన్నెండు నెలలు ఆగితే రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచీ దరఖాస్తు చేయాలి. విడుదలకు ముందే ఆ కాగితాలు కదలకపోతే మందుల షాపు దగ్గరే కథ మొదటికొస్తుంది.

ఇన్నీ కుదిరాక తేదీలు కుదరవు. మంచం గురువారం ఖాళీ అవుతుంది, వాయిదా వచ్చే మంగళవారం ఉంటుంది. అప్పటిదాకా మంచం ఆగదు. అందుకే లాయరుకు ఫోన్‌ చేసి, ప్రాసిక్యూటర్‌ను ఒప్పించి, కోర్టు గుమస్తాను బతిమాలి వాయిదాను ముందుకు జరిపించాలి. రాత్రిపూట విడుదల కాకుండా చూడాలి. వీలైతే గేటు దగ్గరికి తోడుగా ఓ మనిషిని పంపాలి. ఇదంతా ఏ తీర్పు ప్రతిలోనూ కనిపించదు.

జడ్జికి ఏం చెప్పాలి?

కోర్టు మొదలయ్యే ముందు జడ్జి, ప్రాసిక్యూటర్‌, డిఫెన్స్‌ లాయరు, వైద్య బృందం కూర్చుని ఆ రోజు జాబితా చూస్తారు. ఎవరు బాగున్నారు, ఎవరు గాడి తప్పారు అన్నది కోఆర్డినేటర్‌ చెబుతారు. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన ఘడియ ఇదే.

ఓ మనిషి రెండు వారాలుగా మాత్రలు వేసుకోవట్లేదు. ఆ సంగతి నమ్మి సోషల్‌ వర్కరుకు చెప్పాడు. జడ్జికి చెబితే కఠినంగా ఉండొచ్చు, ఒక్కోసారి జైలుకే పంపొచ్చు. చెప్పకపోతే, రేపు ఏదైనా జరిగితే? జడ్జి నమ్మకం పోతే ఇంకెవరినీ బయటికి వదలరు. రోగి నమ్మకం పోతే మరోసారి నిజం చెప్పడు. రెండు నమ్మకాల్లో ఏది తెగినా కోర్టు నడవదు.

అందుకే చేరేటప్పుడే ఏ సమాచారం ఎవరితో పంచుకుంటారో చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటారు. కౌన్సిల్‌ ఆఫ్‌ స్టేట్‌ గవర్నమెంట్స్‌ జస్టిస్‌ సెంటర్‌ ఈ కోర్టుల కోసం రూపొందించిన పది మూలసూత్రాల్లో తెలిసి ఒప్పుకోవడం, గోప్యత కాపాడటం కూడా ఉన్నాయి. రోగి గతమంతా నిండు కోర్టులో విప్పాల్సిన అవసరం లేదు.

అనుభవం ఉన్న కోఆర్డినేటర్‌ 'మానేశాడు' అన్నచోట ఆగరు. ఎందుకు మానేశాడో తెలుసుకుంటారు. మాత్రతో ఒళ్లు పెరుగుతోందా? చేతులు వణుకుతున్నాయా? రాత్రి వేసుకున్న మందు మత్తు దిగక ఉదయం ఎనిమిది గంటల అపాయింట్‌మెంటుకు లేవలేకపోతున్నాడా? అలాగైతే కావాల్సింది శిక్ష కాదు, మందు మార్పో, సాయంత్రం అపాయింట్‌మెంటో. జబ్బు తిరగబెట్టడం జబ్బు లక్షణమే తప్ప కోర్టు ధిక్కారం కాదన్న ఎరుక ఆ గదిలో అందరికీ కలగాలి. కలిగించాల్సింది కోఆర్డినేటరే.

ఫలితం ఎంత?

శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టుపై 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే, అక్కడ చేరినవాళ్లపై కొత్త కేసు పడే అవకాశం అలాంటి ఇతర నిందితులతో పోలిస్తే 26 శాతం తగ్గింది. హింసాత్మక నేరాల్లో అయితే 55 శాతం! నాలుగు ప్రాంతాల కోర్టులను పరిశీలించి 2011లో ప్రచురించిన మరో అధ్యయనంలోనూ అరెస్టులు, జైల్లో గడిపిన రోజులు తగ్గినట్టు తేలింది. పిట్స్‌బర్గ్‌ ఉన్న అలఘేనీ కౌంటీలో 2007లో ర్యాండ్‌ సంస్థ ఖర్చులు లెక్కగట్టింది. మొదట చికిత్స ఖర్చు పెరిగినా జైలు ఖర్చు తగ్గడంతో అది సర్దుకుపోయింది. ఇవి చీటీ తీసి మనుషుల్ని రెండు గుంపులుగా విడదీసి చేసిన పరీక్షలు కావు కాబట్టి అంకెల్ని కాస్త జాగ్రత్తగానే చూడాలి.

విమర్శలూ తక్కువేం లేవు. జైల్లో ఉన్నవాడు 'ఇష్టపడి' ఒప్పుకున్నాడంటే ఎంతవరకు నమ్మాలి? చిన్న నేరానికి కొద్ది రోజుల శిక్షతో పోయేదానికి ఏడాదిపాటు కోర్టు కనుసన్నల్లో బతకడం న్యాయమేనా? మానసిక రోగుల హక్కుల కోసం పోరాడే బజెలాన్‌ సెంటర్‌ మరో మాటా అడిగింది. అరెస్టయితేనే మంచి వైద్యం దొరుకుతుందంటే తప్పు ఎవరిది? దీనికి కోర్టుల దగ్గర జవాబు లేదు. ఊళ్లో మంచాలే లేకపోతే ఎంత చురుకైన కోఆర్డినేటర్‌ అయినా చేసేదేమీ ఉండదు.

మన దగ్గర...

మన చట్టాల్లో ఇలాంటి ప్రత్యేక కోర్టు లేదు. నేరం చేయని మానసిక రోగుల్ని జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. 2018లో అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్స ఏర్పాటు ఉండాలంటోంది. మానసిక రోగులకు ఉచిత న్యాయసాయం పొందే హక్కుంది. ఆ సంగతి వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత పోలీసులపైనా మేజిస్ట్రేట్లపైనా ఉంది.

చట్టం ఉన్నా దాన్ని చేతపట్టుకుని తిరిగే మనిషి లేకపోతే ఏమవుతుందో అసోంకు చెందిన మచాంగ్‌ లలుంగ్‌ జీవితం చెబుతుంది. 1951లో, ఇరవై మూడేళ్ల వయసులో అతన్ని అరెస్టు చేశారు. తేజ్‌పూర్‌ మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో ఆరోగ్యం కుదుటపడిందని డాక్టర్లు తేల్చారు. ఇంటికి పంపాల్సింది పోయి మళ్లీ జైలుకే పంపారు. విచారణ లేదు, వాయిదా లేదు, అడిగినవాళ్లు లేరు. మానవ హక్కుల కార్యకర్తలు గుర్తించేసరికి 54 ఏళ్లు గడిచిపోయాయి. 2005లో రూపాయి బాండు మీద విడుదలయ్యాడు. అప్పటికి వయసు 77. సుప్రీంకోర్టు మూడు లక్షల రూపాయల పరిహారం, నెలకు వెయ్యి ఇప్పించింది. రెండేళ్లకు ఆయన కన్నుమూశాడు.

1967లో డాక్టర్లు తేల్చిన ఆ ఒక్క మాటను కోర్టు దాకా మోసుకెళ్లే మనిషి ఉండి ఉంటే... లలుంగ్‌ నలభై ఏళ్లు నిండకముందే ఇంటికి చేరేవాడు.