వాసా ఓడ నేర్పిన లెక్క

బొమ్మకూ నమూనాకూ తేడా ఉంది. బొమ్మలో ఏనుగు కంటె మావటివాడు పెద్దగా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. నమూనాలో అలా చెల్లదు. అసలుకు ఇంత, దీనికి ఇంత అని ముందే ఒక లెక్క ఏర్పరచుకొని, మేకు మొదలు తెరచాపకొయ్య దాకా ఆ లెక్క తప్పకుండా చేయవలసి ఉంటుంది. పాతకాలపు తెరచాప ఓడలను కొయ్యతో ఇలా తయారు చేయడం ఎన్నో దేశాలలో పెద్దలు ఏళ్ల తరబడి సాగించే వ్యాసంగం. వారు మక్కువపడే ఓడలలో స్వీడన్ దేశపు ‘వాసా’ ఒకటి.

అసలు వాసా పొడవు 69 మీటర్లు. 75వ వంతు లెక్కన చేస్తే 92 సెంటీమీటర్లకు వస్తుంది. దాని మీద నిలబెట్టే నావికుడు అంగుళం ఎత్తు కూడా ఉండడు.

ముందు అడుగుదూలం, దాని మీద పక్కటెముకల వంటి చట్రాలు, వాటి మీద సన్నని బద్దలు. బద్దలను వేడినీళ్లలో నానబెట్టి మెల్లగా వంచుతారు. ఎడమవైపు ఒకటి అంటించగానే కుడివైపు దాని జోడు అంటించాలి. ఒక పక్కనే అంటించుకుంటూ పోతే అడుగుదూలం మెలి తిరుగుతుంది. ఆపైన 64 ఫిరంగులు, వందలాది చెక్కడపు బొమ్మలు, తేనెమైనం రుద్దిన దారాలతో మోకులు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? వాసా కథ వినండి. దీన్ని కట్టించినవాడు గుస్తావ్ అడాల్ఫ్ రాజు. ఆ రోజులలో ఓడకు పటాలు గీసే అలవాటు లేదు. మేస్త్రీల అనుభవమే ఆధారం. పెద్ద మేస్త్రీ 1627లో, పని పూర్తి కాకముందే మరణించాడు. ప్రయాణానికి ముందు 30 మందిని పైతట్టు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించి చూశారు. మూడు పరుగులకే ఓడ ప్రమాదకరంగా ఊగిపోవడంతో పరీక్ష ఆపివేశారు. ప్రయాణం మాత్రం ఆపలేదు! 1628 ఆగస్టు 10న వాసా స్టాక్‌హోమ్ రేవులో బయలుదేరి సుమారు 1,300 మీటర్లు పోయింది. పైబరువు ఎక్కువ కావడం వల్ల గాలి విసురుకు ఒరిగి, ఫిరంగుల కిటికీలలో నీరు చొరబడి మునిగిపోయింది. సుమారు 30 మంది ప్రాణాలు పోయాయి. విచారణ జరిగింది గాని ఎవరికీ శిక్ష పడలేదు.

ఆండర్స్ ఫ్రాన్జెన్ అనే అన్వేషకుడు 1956లో దాని జాడ పట్టాడు. 333 ఏళ్ల తరువాత, 1961 ఏప్రిల్ 24న ఓడ మళ్లీ నీటిపైకి వచ్చింది. పరిశోధకులు కొలిచి చూడగా దాని రెండు పక్కలూ సమానంగా లేవు. వింత ఏమంటే, ఓడలోనే వడ్రంగుల కొలబద్దలు నాలుగు దొరికాయి. రెండింటిలో అడుగుకు 12 అంగుళాలు, తక్కిన రెండింటిలో 11!

రంగుల విషయమూ ఇంతే. వాసా వెనుక భాగానికి నీలిరంగు ఉండేదని మొదట తలచారు. పాత నమూనాలు అలాగే కనిపిస్తాయి. చెక్కకు అంటుకొని మిగిలిన రంగు నలుసులను పరీక్షించిన మీదట అది ఎరుపు అని తేలింది. స్టాక్‌హోమ్‌లో 1990లో తెరిచిన వాసా మ్యూజియంలో, అసలు ఓడ పక్కనే ఉన్న పదోవంతు నమూనాకు ఎరుపే వేశారు.

ఈ పనికి పూనుకొనేవారు మొదటే వాసా జోలికి పోకుండా, ఒకే తెరచాపకొయ్య ఉన్న చిన్న పడవతో ఆరంభించడం మంచిది. ఏ పడవ చేసినా మొదటి నుంచి చివరి దాకా ఒకే కొలబద్ద వాడాలి.