పేరు పాతది, నడక కొత్తది

జంషెడ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న ఆదిత్యపూర్‌లో, విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు ఒకటి ఉందనుకుందాం. రాత్రి షిఫ్టులో ఉన్న తెలుగు కుర్రాడు ఒక డ్రాయింగు ఫైలును హైదరాబాద్ సర్వర్‌కు పంపాలి. నల్లటి తెర మీద ఎస్‌సీపీ అనే ఫైలు కాపీ ఆదేశం కొట్టి, ఫైలు పేరు, ఆ వెనకే సర్వర్ పేరు, చివర ఒక కోలన్ పెడతాడు. ఎంటర్ నొక్కితే సరి. ఆ కోలన్ మరిచాడో, ఫైలు గడప దాటదు. సర్వర్ పేరుతోనే ఇంకో కాపీ తన మెషీన్‌లోనే తయారై కూర్చుంటుంది!

ఎస్‌సీపీకి ముందు ఆర్‌సీపీ అనే ఆదేశం ఉండేది. 1980ల మొదట్లో బర్కిలీ యూనిక్స్‌తో వచ్చింది. అప్పటి నెట్‌వర్క్ నలుగురూ ఎరిగిన వీధి లాంటిది. ఫలానా మెషీన్ నుంచి వచ్చానంటే చాలు, పాస్‌వర్డు కూడా అడక్కుండా రానిచ్చేది. ఫైలు మూతలేని గిన్నెలా దారంతా కనిపిస్తూ పోయేది.

1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు కాజేశారు. అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్, మెషీన్ల మధ్య రాకపోకలకు తాళం వేసే ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రామ్ రాసి, ఆ జులైలోనే ఉచితంగా విడుదల చేశాడు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21వ పోర్టు (మెషీన్‌లోకి వచ్చే ద్వారం నంబరు), దూరపు మెషీన్‌లోకి లాగిన్ చేయించే టెల్‌నెట్‌ది 23. మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. ఏడాది చివరికల్లా 50 దేశాల్లో 20,000 మంది వాడసాగారు.

ఎస్‌సీపీ అంటే ఎస్‌ఎస్‌హెచ్ సొరంగంలో నడిచే ఆర్‌సీపీయే. ఇప్పటి పద్ధతిలో రెండు మెషీన్లూ విడివిడిగా లెక్కకట్టి ఒకే రహస్య సంఖ్యకు చేరతాయి. ఆ సంఖ్య మాత్రం తీగ మీద ప్రయాణించదు. దాంతోనే ఫైలుకు తాళం పడుతుంది. పాత వాసన మాత్రం పోలేదు. పోర్టు మార్చాలంటే ఎస్‌సీపీలో పెద్ద పీ కొట్టాలి. చిన్న పీని ఆర్‌సీపీ ఏనాడో ఫైలు తేదీలను కాపాడటానికి వాడేసుకుంది మరి.

అమాయకత్వమూ వారసత్వంగానే వచ్చింది. అడిగిన ఫైలుకు బదులు సర్వర్ మరొకటి అంటగట్టినా పాత ఎస్‌సీపీ పట్టుకోలేకపోయేది. 2019లో ఈ లోపాలు బయటపడ్డాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఎస్‌ఎస్‌హెచ్ ఉచిత రూపం) 9.0, ఎస్‌సీపీలో ఫైలు మోసే పనిని ఎస్‌ఎఫ్‌టీపీ అనే మరో పద్ధతికి అప్పగించింది. కొట్టే ఆదేశం అదే, లోపల నడిపేది వేరు.

కొత్త సర్వర్‌ను మొదటిసారి పలకరించినప్పుడు ఎస్‌సీపీ దాని వేలిముద్రను (గుర్తింపు కోడ్‌ను) చూపించి, ముందుకు వెళ్లమంటారా అని అడుగుతుంది. చాలామందిమి చూడకుండానే యెస్ కొట్టేస్తాం. జంషెడ్‌పూర్‌లో పెరిగినవాళ్లకు గేట్ పాస్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ వేలిముద్ర సర్వర్ చూపించే గేట్ పాస్. యెస్ కొట్టేముందు, ఆ సర్వర్‌ను చూసుకునేవారికి ఒక్క ఫోన్ చేసి సరిచూసుకోండి.